గాళ్ళ నడుమ మిట్ట: మా జిమ్నీ ఎత్తు పెంచిన వైనం

మా పొలం నందిగామకు అవతల ఉంది. విజయవాడలో ఇంటి నుండి బయలుదేరితే అరవై కిలోమీటర్ల ప్రయాణం. అందులో చివరి రెండు కిలోమీటర్లు మాత్రమే డొంక. ఆ రెండు కిలోమీటర్ల కోసమే 2023లో మారుతీ జిమ్నీ కొన్నాను. ఆ రెండు కిలోమీటర్ల కోసమే మరుసటి ఏడాది దాని స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, రిమ్ములు, టైర్లు అన్నీ మార్చాను. ఏది ఎందుకు చేశానో, ఏది తెలియక చేశానో మరచిపోక ముందే రాసి పెట్టుకోవాలని ఈ ప్రయత్నం.

ముందు డొంక సంగతి చెప్పాలి. మాది నల్లరేగడి. వానాకాలంలో ఆ నేల ఎంత మెత్తబడుతుందో సంక్రాంతి నాటికి అంత గట్టిపడుతుంది. పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు వేసుకున్న ట్రాక్టర్లు తడిలో తిరిగినప్పుడు చక్రాల కింద రెండు గాళ్ళు దిగబడి, నడుమ మిట్ట మిగిలిపోతుంది. ఎండలు ముదిరేసరికి ఆ మిట్ట ఇటుకలా తయారవుతుంది. ట్రాక్టరు పొట్ట ఎత్తు కాబట్టి దానికి ఈ బాధ లేదు. జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, 210 మిల్లీమీటర్లు. చదివినప్పుడు ధారాళంగా తోచిన ఆ అంకె, మొదటి సంక్రాంతికే వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ హౌసింగ్ (గేర్లుండే ఉబ్బెత్తు ఇనుప గూడు) నాగటి కర్రులా మిట్టను దున్నుకుంటూ పోతున్న చప్పుడు విన్నాక చాలదని తేలిపోయింది. టేపు పెట్టి కొలిస్తే, గాడి అడుగు నుండి మిట్ట కొన దాకా అత్యధికంగా 225 మిల్లీమీటర్లు ఉంది. అంటే నాకు కావలసింది గట్టిగా రెండు వేళ్ళ మందం ఎత్తు.

50 మిల్లీమీటర్ల లిఫ్ట్ కిట్, అంటే బండి ఎత్తు పెంచే పొడవైన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల సెట్టు, వేయిస్తే హౌసింగ్ కూడా 50 మిల్లీమీటర్లు పైకి లేస్తుందని, 210కి 50 కలిపితే 260 అవుతుందని నేను చాలా నమ్మకంగా లెక్క వేసుకున్నాను. ఆ లెక్క పూర్తిగా తప్పు. జిమ్నీకి ముందూ వెనుకా కూడా రెండు చక్రాలనూ ఒకే దూలంలా కలిపే గట్టి ఇరుసులు ఉంటాయి. స్ప్రింగు ఆ ఇరుసు మీద కూర్చుని ఛాసిస్‌ను మోస్తుంది. పొడవైన స్ప్రింగు వేస్తే ఛాసిస్, దాని మీది బాడీ పైకి లేస్తాయి; ఇరుసు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఇరుసు ఎత్తును నిర్ణయించేది చక్రపు వ్యాసార్ధం ఒక్కటే. హౌసింగ్‌ను పైకి తీసుకువెళ్ళగలిగింది టైరు తప్ప మరేదీ కాదు. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే 733.5. తేడా 40.5 మిల్లీమీటర్లు, అందులో సగం ఇరుసు కింద దక్కుతుంది. అంటే 20 మిల్లీమీటర్లు. నేను 260 అనుకున్నది నిజానికి 230.

మరి అటువంటప్పుడు లిఫ్ట్ ఎందుకు అనే ప్రశ్న సహజంగా వస్తుంది. పెద్ద టైరుకు చోటు కావాలి కాబట్టి. చక్రం గుంతలో పడి స్ప్రింగు అణిగినప్పుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు బంపరు మూలకూ, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కుకూ తగలకుండా ఉండాలంటే బాడీని పైకి జరపాలి. దీనితోపాటు మరో లాభం ఉంది. బండి పొట్ట, అంటే రెండు ఇరుసుల మధ్య భాగం, గట్టు ఎక్కి దిగేటప్పుడు తగలకుండా దాటే కోణం పెరుగుతుంది. ఐదు తలుపుల జిమ్నీకి ఈ కోణం 24 డిగ్రీలే. ముందు బంపరు ఎక్కే కోణం 36 డిగ్రీలు ఉన్నా, పొడుగు పెరిగిన పొట్టే దాని బలహీనత. అందువల్ల గట్లు దాటవలసిన వారికి స్ప్రింగులూ, గాళ్ళలో నడవవలసిన వారికి టైర్లూ ముఖ్యం. నాకు ముఖ్యమైనది రెండోది. నేను మొదట డబ్బు కట్టింది మొదటిదానికి.

చట్టం సంగతి దాచడం న్యాయం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182-ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బీమా సంస్థకు నేను లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఈ మార్పుల వల్ల ప్రమాదం జరిగిందని తేలితే పరిహారం ఇవ్వడం కష్టమని జవాబు వచ్చింది. పాత స్ప్రింగులు, షాకులు, చక్రాలు అన్నీ గ్రీసు పూసి గోతాల్లో చుట్టి మేడ మీది గదిలో ఉంచాను, ఒక్క రోజులో వెనక్కి మార్చుకునే వీలు ఉండాలని. నన్ను చూసి చేశామని ఎవరూ అనకూడదు.

పని చేయించింది మన విజయవాడ ఆటోనగర్‌లోనే. కిట్ అమ్మిన వారు హైదరాబాదులో తమ వర్క్‌షాపునకు రమ్మన్నారు గాని, నాకు ఇష్టం లేకపోయింది. లారీల బాడీలు కట్టే షెడ్ల వరుసలో కమాన్ల (పట్టీలు పేర్చి కట్టే స్ప్రింగుల) పని చేసే మేస్త్రి ఒకాయన నాకు పదేళ్ళుగా తెలుసు. మా నాన్నగారి హయాంలో ట్రాక్టరు ట్రక్కుకు కమాను కట్టలు వేసింది ఆయనే. బండి కిందికి వంగి చూసి, "దీనికి కట్టలే లేవు కదా సార్, కమాన్ల బండి అయితే ఒక పట్టీ ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేసేవాణ్ణి," అన్నారు. కాయిల్ స్ప్రింగుల పని తాను తక్కువ చేశానని దాచకుండా చెప్పిన ఆ మాటే నాకు నమ్మకం కలిగించింది. మరో మాట కూడా అన్నారు: "స్ప్రింగు మారిస్తే బాడీ లేస్తుంది. హౌసింగ్ లేవదు. దానికి టైరే పెద్దది కావాలి." రెండు నెలలు ఇంటర్నెట్టులో చదివి నేను గ్రహించని సంగతిని ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అర నిమిషంలో చెప్పారు. అప్పటికే కిట్ వచ్చేసింది.

ఛాసిస్ కింద నాలుగు చోట్ల ఇనుప స్టాండ్లు పెట్టి, వాటి పక్కన మళ్ళీ చెక్క దిమ్మెలు పేర్చారు. జాకీని నమ్మి బండి కింద దూరకూడదనేది ఆ షెడ్డులో కుర్రాళ్ళకు మొదటి రోజు నేర్పే పాఠమట. ఇరుసు కింద వేరే జాకీ పెట్టి, షాక్ అబ్జార్బరు కింది బోల్టు ఊడదీసి, ఇరుసును మెల్లగా దించుకుంటూ వస్తే, ఒక దశలో స్ప్రింగు దానంతట అదే వదులై చేతికి వస్తుంది. ఇలా చేస్తే స్ప్రింగును బిగబట్టే పరికరం అవసరం పడదు. కాని ఇరుసు ఎంత దిగుతుందో గమనించవలసింది అక్కడే. ముందు చక్రం వైపు బ్రేకు నూనె రబ్బరు గొట్టం తీగలా బిగుసుకుపోయింది. దాని పక్కనే ఏబీఎస్ సెన్సారు వైరు కూడా. చూసుకోకుండా ఇంకో అంగుళం దించి ఉంటే వైరు తెగేది. వైరు క్లిప్పులు విప్పి, గొట్టం బ్రాకెట్టును కిట్‌తో వచ్చిన పట్టీతో కిందికి జరిపాకే పని ముందుకు సాగింది. పొడవైన స్ప్రింగుకు పొడవైన షాక్ అబ్జార్బరు తోడైతే ఇరుసు మునుపటి కంటే కిందికి వేలాడగలదు కాబట్టి, ఆ కొత్త దూరానికి ప్రతి గొట్టమూ ప్రతి వైరూ అందాలి. అలాగే పైకి లేచేటప్పుడు పెద్ద టైరు లోపలికి గుద్దుకోకుండా, షాక్ అబ్జార్బరు అడుగుకు తగలకుండా ఇరుసును ముందే ఆపే రబ్బరు దిమ్మె, అంటే బంప్ స్టాప్, ఎత్తు పెంచాలి. కిట్‌లో ఇవి ముందుకు మాత్రమే ఇచ్చారు. వెనుక వాటికి మేస్త్రి గారే నైలాన్ దిమ్మెలు తిప్పించి పెట్టారు.

కొత్త స్ప్రింగు అడుగు చుట్టు కొనను ఇరుసు మీది పళ్ళెంలో ఉన్న మెట్టుకు ఆనించి కూర్చోబెట్టాలి. ఎడమ ముందు చక్రం దగ్గర అది వేలి వెడల్పు తప్పింది. పైకి చూస్తే తెలియదు. మేస్త్రి గారు చేయి లోపలికి పెట్టి తడిమి, "కూర్చోలేదు, మళ్ళీ దించు," అని కుర్రాడికి చెప్పారు. అలాగే వదిలేసి ఉంటే మొదటి గుంతలో స్ప్రింగు తిరిగి, బండి ఆ మూల కొంత కుంగేది.

సాయంత్రం నాలుగు గంటలకు అన్ని బోల్టులూ ఎక్కాయి గాని, ఒక్కటీ పూర్తిగా బిగించలేదు. నేను ఆత్రపడితే ఆయన నవ్వి, చక్రాలు ఎక్కించి బండిని నేల మీదికి దింపించారు. ఇరుసును ఛాసిస్‌కు కలిపే చేతుల కొనల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. బోల్టు బిగించినప్పుడు బుష్షు లోపలి ఇనుప గొట్టం ఆ స్థితిలోనే బిగుసుకుపోతుంది. తర్వాత కదలిక అంతా రబ్బరు మెలి తిరగడం వల్ల వస్తుంది తప్ప బోల్టు చుట్టూ తిరగడం వల్ల కాదు. బండి గాలిలో ఉన్నప్పుడు, ఇరుసు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, నేల మీదికి దింపగానే ఆ రబ్బరు ఒకవైపుకు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. ఆరు నెలల్లో చీలుతుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు. "ఆఖరి బిగింపు బరువు మీదే సార్. లారీకి కూడా లోడు పడ్డాక యూ-బోల్టులు మళ్ళీ బిగిస్తాం," అన్నారాయన. బండి కింద పడుకుని, టార్చ్‌లైటు నోట్లో పెట్టుకుని, ఒక్కొక్క బోల్టుకు పానా వేస్తూ ఆయన గంటసేపు పట్టించిన ఆ పనికి నేను ఇచ్చిన కూలి చాలా తక్కువ అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎంత లేచిందో చూద్దామని చక్రం మధ్య నుండి మడ్‌గార్డు అంచు దాకా ముందే నాలుగు మూలలా కొలిచి ఉంచాను. ముందు 52, వెనుక 61 మిల్లీమీటర్లు లేచింది. వెనుక స్ప్రింగులు సామాను వేసుకు తిరిగే బండి కోసం గట్టిగా చేసినవి. ఖాళీగా ఉన్నప్పుడు పూర్తిగా అణగవు. కిట్ పెట్టె మీది అంకె సామాను ఉన్నప్పటి మాట. ఇంటికి వచ్చే దారిలో బెంజి సర్కిల్ దాటేలోపే ఆ గట్టిదనం నడుముకు తెలిసింది.

వారం తిరగకుండా డొంకకు వెళ్ళాను. టైర్లు ఇంకా రాలేదు. మేస్త్రి గారి మాట నిజమో కాదో చూద్దామని రెండు ఇరుసుల హౌసింగ్‌ల అడుగున ఇంటికి వేసే సున్నం చిక్కగా కలిపి కుంచెతో పూశాను. ఆరాక డొంక చివరి దాకా మెల్లగా నడిపి, దిగి, గోనె పట్టా పరచుకుని కింద పడుకుని చూశాను. వెనుక హౌసింగ్ మీద సున్నం అరచేయంత మేర తుడిచిపెట్టుకుపోయింది, ఇనుము తళతళలాడుతోంది. బాడీ మాత్రం ఎత్తుగా, ఠీవిగా నిలబడి ఉంది. నలభై వేల రూపాయల పైన ఖర్చు పెట్టి నేను మిట్టకు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి పోలేదు.

ఆ రెండు వారాల్లోనే స్టీరింగు మారిన సంగతి కూడా తెలిసింది. జాతీయ రహదారి మీద ఎనభైలో పోతుంటే బండి సన్నగా అటూ ఇటూ తిరుగుతోంది. లారీ పక్కనుండి దూసుకుపోతే గాలికి పక్కకు జరుగుతోంది. మలుపు తిప్పి చేయి వదిలితే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం లేదు. సైకిలు ముందు ఫోర్కు నిట్టనిలువుగా కాక కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిలు నేరుగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. కారులో దీన్నే క్యాస్టర్ అంటారు. జిమ్నీ ముందు ఇరుసు రెండు చేతులతో ఛాసిస్‌కు కట్టబడి ఉంటుంది. ఛాసిస్ పైకి లేస్తే ఆ చేతులు వాలి, వాటితోపాటు ఇరుసు కూడా తన చుట్టూ తాను కాస్త తిరుగుతుంది. ఉన్న వాలు పోతుంది. ఎలైన్‌మెంట్ చూపిస్తే క్యాస్టర్ దాదాపు సున్నాకు వచ్చింది. రంధ్రం మధ్యలో కాక ఒక పక్కకు ఉండే బుష్షులు వేస్తే ఈ తిరుగుడు సరిపోతుంది. పాత బుష్షులను హైడ్రాలిక్ ప్రెస్సులో నొక్కి తీసి, కొత్తవి నొక్కేటప్పుడు రంధ్రం ఏ వైపు ఉండాలో సుద్దతో గుర్తు పెట్టే పని నేను నెత్తిన వేసుకున్నాను. కుడి చేతికి సరిగ్గా పెట్టి, ఎడమ దాన్ని తిరగేసి పట్టుకుని గుర్తు పెట్టాను. ఒక పక్క వాలు పెంచుతుంటే రెండో పక్క తగ్గిస్తోంది, ఇరుసు నడుమ మెలి తిరిగి బిగుసుకుంది. బోల్టు రంధ్రాలు కలవకపోయేసరికి మేస్త్రి గారు నా వైపు చూసిన చూపులో ఏ కోపమూ లేదు. అదే ఇబ్బందిగా అనిపించింది.

ఇంకొకటి, ఇరుసు పక్కకు జరగడం. ఇరుసు అటూ ఇటూ ఊగకుండా ఒక కొన ఛాసిస్‌కు, ఒక కొన ఇరుసుకు అడ్డంగా బిగించిన పాన్‌హార్డ్ రాడ్డు ఉంటుంది. దాని పొడవు మారదు కాబట్టి, ఛాసిస్ లేచిన కొద్దీ అది ఏటవాలై ఇరుసును ఛాసిస్‌కు బిగించిన కొన వైపు లాక్కుంటుంది. తాపీ మేస్త్రులు వాడే తూకం గుండును రెండు వైపులా మడ్‌గార్డు అంచు నుండి వేలాడదీసి, దారం నుండి రిమ్ము దాకా కొలిస్తే ముందు ఇరుసు 7 మిల్లీమీటర్లు ఒక పక్కకు జరిగినట్లు తేలింది. పొడవు సర్దుకోగల రాడ్డు వేసి మధ్యకు తెచ్చాము. స్టీరింగు చక్రం కూడా వంకరగా నిలబడుతోంది, దానికి కారణం వేరు. అక్కడ స్టీరింగు కదలికను చక్రాలకు అందించే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, పొడవు సర్దాలి. దాన్ని సర్దకుండా స్టీరింగు చక్రాన్ని ఊడదీసి తిప్పి పెడతామన్న వారు కూడా తగిలారు. స్టీరింగు కోణాన్ని చూసే సెన్సారు ఉన్న బండిలో అది తప్పు. స్థిరత్వపు నియంత్రణ వ్యవస్థకు బండి ఎప్పుడూ మలుపులో ఉన్నట్లే కనబడుతుంది.

టైర్లు ఏప్రిల్ మొదట్లో వచ్చాయి. జిమ్నీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు. 235 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరుకు కనీసం ఆరు కావాలి. సన్నటి రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కలు లోపలికి ముడుచుకుని, నడుము ఉబ్బి, మధ్య భాగమే ముందు అరుగుతుంది. అందుకని ఐదు బోల్టులకు 139.7 మిల్లీమీటర్ల వలయంలో సరిపోయే ఆరంగుళాల ఇనుప రిమ్ములు తీసుకున్నాను. ఇనుప రిమ్ము దెబ్బ తింటే వంగుతుంది, సుత్తితో సరిచేసుకోవచ్చు, అల్లాయ్ పగులుతుంది. బురదకు గట్టి పళ్ళున్న టైర్లు వేసుకోమని మిత్రులు చెప్పారు గాని, నా ప్రయాణంలో డొంక రెండు కిలోమీటర్లే కదా, మిగతా యాభై ఎనిమిదీ ఆ హోరు వినడం ఎందుకని రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ రకానికే ఆగాను.

పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ మా వీధి చివర పాత ఇనుము కొట్టు కాటా మీద తూకం వేయించాను. పాతది 18 కిలోలు, కొత్తది 26. చక్రానికి 8 కిలోలు, నాలుగింటికి 32, తలుపు మీది స్టెప్నీతో కలిపి 40. సంచుల్లో వేసి వెనుక పెట్టిన 32 కిలోలు వేరు, తిరుగుతున్న చక్రాల్లో ఉన్న 32 కిలోలు వేరు. బండి కదలాలన్నా ఆగాలన్నా వాటిని తిప్పాలి, ఆపాలి. దానికి తోడు 5.8 శాతం పెద్ద చక్రం అంటే ఐదు గేర్లూ అంత మేర బరువైనట్లే. ఈ 1.5 లీటరు పెట్రోలు ఇంజనుకు 105 హార్స్‌పవర్ ఉన్నా, టార్కు, అంటే తిప్పే బలం, 134 న్యూటన్ మీటర్లే. మునుపు మూడో గేరులో ఎక్కిన ఫ్లైఓవర్‌కు ఇప్పుడు రెండో గేరు అడుగుతోంది. స్టెప్నీ బరువుకు వెనుక తలుపు మూసేటప్పుడు వచ్చే చప్పుడు మారింది. కీళ్ళ బోల్టులు నెలకోసారి చూసుకుంటున్నాను. స్పీడోమీటరు కూడా మోసపోతుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు యాభై లెక్కపెట్టుకుంటూ పోతే ఓడోమీటరు 47.3 చూపింది. మైలేజీ పడిపోయిందని బాధపడేవారు ముందు ఈ లెక్క సరిచేసుకుంటే బాధ సగమవుతుంది. సగం మాత్రమే.

పూర్తిగా స్టీరింగు తిప్పితే టైరు లోపలి అంచు ఇరుసు చేతికి రాసుకుంది. దీనికి రెండే దారులు. స్టీరింగు ఆపే బోల్టును కాస్త బయటకు తిప్పి తిరుగుడు తగ్గించుకోవడం ఒకటి, చక్రాన్ని బయటకు నెట్టే రిమ్ము వేయడం రెండోది. చక్రం బయటకు పోతే స్టీరింగు బరువు, బేరింగుల మీద భారం పెరుగుతాయి. మడ్‌గార్డు దాటి బయటకు వచ్చిన టైరు వెనక వచ్చేవారి మీదికి రాళ్ళు విసురుతుంది. నేను బోల్టే తిప్పాను. గవర్నరుపేట సందుల్లో బండి తిప్పుకోవడానికి మునుపటి కంటే ఒకసారి ఎక్కువ వెనక్కి రావలసి వస్తోంది. ఆ తర్వాత పొలం గట్టు మీద ఒక ముందు చక్రం, బోదె కాలువలో ఎదురు మూల వెనుక చక్రం ఉంచి, బండిని మెలి తిప్పి, నాలుగు చక్రాల దగ్గరా టైరుకూ ప్లాస్టిక్కుకూ మధ్య చేయి దూరుతోందో లేదో చూశాను. ముందు బంపరు కింది అంచు ఒక చోట తగిలింది. రంపపు బ్లేడుతో రెండు వేళ్ళ వెడల్పు కోసేశాను.

ఇల్లంతా కలిపి నన్ను తిట్టింది మాత్రం వీటి వేటి గురించీ కాదు. స్ప్రింగు 50కి పైగా, టైరు 20, మొత్తం 70 మిల్లీమీటర్లకు పైగా గుమ్మం పైకి పోయింది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ మొదటి రోజే తలుపు తెరిచి, పైకి చూసి, "ఇది నాకు కాదులే నాయనా," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు వెనుక సీటు కింద ఒక టేకు పీట ఉంటుంది. ఆవిడ ఎక్కాక దాన్ని తీసి లోపల పెట్టడం నా పని.

టైర్లు వేసిన వారానికే మళ్ళీ సున్నం పూశాను. ఈసారి గాలి ఇరవై ఆరు పౌండ్ల నుండి పద్దెనిమిదికి తగ్గించి నడిపాను, గాళ్ళ గట్టి అంచులను టైరు మెత్తగా పట్టుకుంటుందని. సున్నం మీద రెండే గీతలు పడ్డాయి, గోటితో గీసినట్లు. గాలి తగ్గించినందువల్ల టైరు కొంత అణిగి, దక్కిన 20 మిల్లీమీటర్లలో కొన్ని పోయినందువల్లనే ఆ గీతలు కూడా. ఇరవై రెండుకు పెంచి మళ్ళీ పోతే ఒకటే పడింది. గోనె పట్టా మీద పడుకుని నేను ఇదంతా చూస్తుంటే మా కౌలు రైతు చేతిలో పారతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. "ఏం పోయింది బాబూ?" అని అడిగాడు. ఏమీ పోలేదని, సున్నం ఉందో లేదో చూస్తున్నానని చెప్పాను. ఆయన మరేమీ అడగలేదు.

ఆ వానాకాలంలో, జులైలో, అసలు భయం చూశాను. రాత్రి పొలం నుండి వచ్చి, మరునాడు గుంటూరు పని మీద వారధి దాటుతుండగా, వంతెన అతుకు మీద చక్రం టక్కుమన్న మరుక్షణం స్టీరింగు చేతుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. వణుకు కాదు, రెండు చేతులతో పట్టినా ఆగని ఊపు. వేగం నలభైకి పడేదాకా ఆగలేదు. గట్టి ఇరుసు బండ్లలో ఒక చక్రం ఊపు ఇరుసు ద్వారా రెండో చక్రానికి అంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. చక్రం బరువు పెరిగిన కొద్దీ ఆ ఊపు మొండిదవుతుంది. స్టీరింగు డ్యాంపరును ఇంకా గట్టిది వేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. డ్యాంపరు ఊపును అణిచిపెడుతుంది గాని, ఊపు ఎక్కడి నుండి పుట్టిందో చెప్పదు. అందుకని ఆటోనగర్‌కే పోయాను.

మేస్త్రి గారు ముందు ఇరుసు ఎత్తించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశారు. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే కీలులోని కింగ్‌పిన్ బేరింగులు బాగున్నాయి. బండి నేల మీద ఉండగా కుర్రాణ్ణి లోపల కూర్చోబెట్టి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమని, తాను కింద పడుకుని ఒక్కొక్క అతుకు మీద వేలు పెట్టి కూర్చున్నారు. పాన్‌హార్డ్ రాడ్డు ఛాసిస్ వైపు బోల్టు వెంట్రుక వాసి కదులుతోంది. ఆ రాడ్డు వేసి మూడు నెలలైనా మళ్ళీ బిగించుకోవడానికి నేనే రాలేదు. దాన్ని బిగించాక ఊపు తగ్గింది గాని పోలేదు. చక్రం ఊడదీసి లోపలి వైపు తిప్పి చూస్తే, ఇనుప రిమ్ము గుంతలో మా డొంక నల్లరేగడి కూర్చుని ఉంది. తడిగా పట్టుకున్నది రాత్రికి రాత్రి ఎండి, రిమ్ములో పోత పోసినట్లు బిగుసుకుంది, అదీ ఒక పక్కనే. స్క్రూడ్రైవరుతో పెళ్ళలు పెళ్ళలుగా లేపి తూకం వేస్తే ఒక్క చక్రంలోనే 340 గ్రాములు. వీల్ బ్యాలెన్సింగ్‌లో ఇరవై గ్రాముల సీసం ముక్క కోసం చూసుకుంటాం కదా.

ఆనాటి నుండి డొంక దాటి తారురోడ్డు ఎక్కే ముందు మోటారు దగ్గర ఆగి, నాలుగు రిమ్ముల లోపలి వైపూ పైపు పెట్టి కడుగుతాను. ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు కౌలు రైతే పైపు పట్టుకున్నాడు. ఈ ఏడు వానలకు తోడు పెద్ద ట్రక్కులు కూడా తిరిగాయని, గాళ్ళు బాగా దిగాయని అన్నాడు. చేతులు కడుక్కుని, టేపు తీసుకుని డొంకలోకి నడిచాను. మిట్ట 240 మిల్లీమీటర్లు ఉంది.